టెంకాయ చిప్ప కింద లెక్క

మాఘ బహుళ ఏకాదశి, గురువారం.

నీళ్ళు: ఎనిమిది బిందెలు. వాకిలి, పెరడు ఊడ్చి కళ్ళాపి. ఆవుకు తవుడు, కుడితి. చింతపండు: ఒక గంప కొట్టి గింజ తీసినది. అత్తకు పాలు, అరటిపండ్లు. బియ్యం: సున్నా.

ఇది మా ఇంటి నిన్నటి పద్దు. ఒక ఇల్లాలి పద్దుతో పత్రిక చదివేవారికి పనేమిటని అనిపించవచ్చు. ఆ చివరి సున్నా ఉందే, దాన్ని రాయడం నాకు నేర్పినావిడ నిన్న తెల్లవారుతుండగా కన్నుమూసింది. నేను మూడో బిందె పెరట్లో దించుతున్నాను. ఆవిడకు తోడుగా పడుకునే మనిషి గోడ మీదుగా తల ఎత్తి, "టీచరమ్మ పోయినాదమ్మా" అన్నది. ఆవిడ మంచాన పడ్డ పది దినాలుగా ఆ ఇంటికి గంజి కాచి పంపుతున్నదాన్ని నేనే కాబట్టి, వినగానే ఆశ్చర్యం కలగలేదు. మిగిలిన నీళ్ళు తోడి ముగించి, అప్పుడే గోడ అవతలికి వెళ్ళాను. ఒక పని నడుమ వదిలి ఇంకొక దాని దగ్గరికి వస్తే ఆవిడకు నచ్చేది కాదు.

మా వీధిలో పెద్దలు, పిల్లలు అందరూ ఆవిడను టీచరమ్మ అనే పిలిచారు. చిత్తూరులో ఆడపిల్లల బడిలో చాలా ఏండ్లు లెక్కలు చెప్పి, పని మానుకున్నాక మా పక్కింట్లో చేరింది. ఆవిడ క్రైస్తవురాలు. పెండ్లి చేసుకోలేదు. మా రెండిండ్ల పెరళ్ళకూ నడుమ రొమ్ముల ఎత్తు గోడ ఒకటుంది. కరివేపాకు, నిప్పు, మజ్జిగ, వీధి కబుర్లు అన్నీ దాని మీదుగానే అటూ ఇటూ నడిచేవి. ఆవిడ ఎప్పుడూ నీలం అంచు తెల్లచీరే కట్టేది. వాన వచ్చినా ఎండ కాసినా నల్లగొడుగు పట్టేది. కొంగు చివర ముడిలో తాళంచెవులు ఉంటాయని మొదట అనుకున్నాను. ఉన్నది సుద్దముక్క. పని మానుకున్నాక కూడా దాన్ని విప్పలేదు.

ఆవిడకు ఒక అలవాటుంది. ఏది అడిగినా జవాబు చెప్పే ముందు ఒక్క క్షణం ఆగి, "ఏమడుగుతా ఉండావు?" అనేది. మొదట్లో చెవుడేమో అనుకున్నాం. కాదు. అడిగినవాళ్ళచేత ప్రశ్నను ఇంకొకసారి చెప్పించేది. రెండోసారి చెప్పేటప్పటికి సగం మందికి తమకు కావలసింది వేరే ఏదో అని తెలిసేది. ఒకసారి నేను ఈ చీర బాగుందా అని అడిగితే అట్లాగే అన్నది. నేను ఆలోచించి, ఈ చీరతో పెండ్లికి పోతే బాగుంటుందా అన్నాను. "ఆ, ఇప్పుడు అడిగినావు. పెండ్లికి వద్దు" అన్నది.

సాయంత్రాలు వీధి పిల్లలకు వేయించిన చెనిక్కాయలు పంచేది. లెక్కపెట్టి ఇచ్చేది కాదు. చేతికి వచ్చినన్ని తలా ఒక పిడికెడు పోసి, "మట్టం చేసుకోండి" అని కూర్చునేది. ఎక్కువ వచ్చినవాడు తక్కువ వచ్చినవాళ్ళకు ఇవ్వాలి. అందరి ముందరా ఒకే ఎత్తు అయ్యేవరకు ఎవరూ నోట్లో వేసుకోకూడదు. ఆ పంపకంలో పిల్లలు కొట్టుకునేవారు, నవ్వుకునేవారు, చివరికి ఎట్లాగో సమానం చేసేవారు. అది లెక్కల పాఠమని వాళ్ళకే కాదు, గోడ ఇవతల ఉన్న నాకూ తెలియదు. తెలిసింది మా ఆడబిడ్డ వల్ల.

మా ఆడబిడ్డ అంటే మా ఇంటాయన చెల్లెలు. పదిహేనో ఏట పెండ్లయింది. మరుసటి ఏడు ఆమె భర్త రంగూన్‌లో బియ్యం మిల్లులో పని దొరికిందని వెళ్ళాడు. ఒక ఏడాది జాబులు వచ్చాయి. తర్వాత యుద్ధం బర్మాను చుట్టుకుంది. జాబులు ఆగిపోయాయి. ఎందరో నడిచి కొండలు దాటి వచ్చారని విన్నాం. అతను రాలేదు. ఉన్నాడని చెప్పేవారు లేరు, లేడని చెప్పేవారూ లేరు. ఆమె నుదుటి బొట్టు చూసి పేరంటానికి పిలవాలో వద్దో తెలియక వీధిలో ఆడవాళ్ళు తలుపు దగ్గరే నసిగేవారు. ఆమె కూడా ఎవరి కళ్ళలోకీ చూడడం మానుకుంది.

పుంగనూరు దగ్గర పల్లెలో ఉన్న ఆమె బావ, అంటే భర్త అన్న, కబురు మీద కబురు పంపుతున్నాడు. ఇంట్లో పశువులున్నాయి, పొలం పని ఉంది, వచ్చి ఉండమని. ఆయన మంచివాడే. కానీ ఆమెకు ఆ మాట వింటేనే ముఖం నల్లబడేది. ఒకనాడు పాత్రలు తోముతూ నాతో, "ఆడికి పోయి నేను ఎవరని చెప్పుకునేది వదినా?" అన్నది.

ఆమెకు కనిపించిన దారి ఒక్కటే. ఎనిమిదో తరగతి సర్కారు పరీక్ష ప్యాసైన ఆడవాళ్ళను ట్రైనింగు బడిలో చేర్చుకుని, తిండి పెట్టి, పంతులమ్మలను చేస్తారు. బడికి పోకుండా ఇంటి నుంచే చదివి ఆ పరీక్షకు కూర్చోవచ్చు. ఒకసారి కూర్చున్నది. తెలుగు, చరిత్ర అన్నీ వచ్చాయి. లెక్కలు పోయాయి. మా ఇంటాయన కోర్టులో నకళ్ళు రాసే పని చేస్తారు. మాట తక్కువ మనిషి. "ఇంకొక్కసారి కూర్చో. ఈసారీ పోతే పుంగనూరే" అన్నారు. అది కోపంతో అన్నది కాదు. ఆమె తల్లి, అంటే మా అత్త, అత్తింటికి పంపేయమని పగలూ రాత్రీ పెట్టే పోరుకు ఆయన ఇచ్చిన గడువు అది.

గోడ మీదుగా అన్నీ నడుస్తాయని చెప్పాను గదా. ఇదీ నడిచింది. ఒక మధ్యాహ్నం టీచరమ్మ గొడుగు మూసుకుని మా పెరటి వసారాలోకి వచ్చింది. అప్పుడు కూడా ఇట్లాగే మాఘమాసం. నేను చింతపండు కొడుతున్నాను. ఆడబిడ్డ గింజ తీస్తున్నది. టీచరమ్మ వచ్చీ రాగానే ఆమెను అడిగినది ఒక్కటే. పోయినసారి ఏ లెక్క దగ్గర చెయ్యి ఆగిపోయింది అని.

"సరాసరి లెక్కలు టీచరమ్మా. చదవతానే తల తిరుగుతాది."

టీచరమ్మ మా గింజల కుప్పలో నుంచి మూడు చిన్న కుప్పలు తీసి నేల మీద పెట్టింది. ఒకదానిలో రెండు, ఒకదానిలో ఐదు, ఒకదానిలో ఎనిమిది. "మట్టం చెయ్" అన్నది. ఆడబిడ్డ ఎనిమిదిలోవి మూడు తీసి రెండులో వేసింది. మూడు కుప్పలూ ఐదు అయ్యాయి. "అంతే. సరాసరి అంటే ఇదే. ఇంకేమీ లేదు. నువ్వు చిన్నప్పటి నుంచీ చేస్తానే ఉండావు" అన్నది టీచరమ్మ.

లోపలి నుంచి మా అత్త గొంతు వచ్చింది. "ఇరవై ఏండ్ల ఆడదాన్ని కూర్సోబెట్టి సింతగింజలు ఆడిస్తా ఉండావా టీచరమ్మా?"

"నువ్వూ రామ్మా, చెయ్యి తక్కువైంది" అన్నది ఆవిడ. మా అత్త రాలేదు. కానీ ఆ దినం నుంచి మధ్యాహ్నం కునుకు మానేసి గడప దగ్గర కూర్చుని వినడం మొదలుపెట్టింది. వింటున్నట్టు కనపడకుండా ఒత్తులు చేసుకునేది.

పాఠం అయ్యాక టీచరమ్మ ఒక సోల గింజలు కావాలన్నది. గింజలదేముంది, గంపెడు తీసుకోండి అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. "ఊరికే ఇస్తే వద్దు. చేబదులని రాసుకో. తిరిగి ఇచ్చేస్తా" అన్నది. నవ్వుకుంటూనే రాసుకున్నాను. చదువు చెప్పినందుకు ఏమీ పుచ్చుకోని మనిషి, పారవేసే గింజలకు బాకీ పడింది. అడిగితే, అరువు తెచ్చిన వస్తువైతే జాగ్రత్తగా ఉంచుతాం గదా అన్నది.

రెండో వారం టెంకాయ చిప్ప తెచ్చింది. నాలుగు కుప్పలు పెట్టి, ఐదో చోట చిప్ప బోర్లించింది. కుప్పల్లో నాలుగు, ఏడు, ఆరు, మూడు. ఐదింటి సరాసరి ఆరు అని చెప్పి, చిప్ప కింద ఎన్ని ఉన్నాయని అడిగింది. పుస్తకంలో తెలియని అంకెకు బదులు అక్షరం పెట్టి అడిగేది ఇదే. ఆ అక్షరం చూస్తే మా ఆడబిడ్డ పుస్తకం మూసేసేది. చిప్పను చూస్తే మాత్రం ఎత్తి చూడాలనిపించింది. చెయ్యి చాపింది. టీచరమ్మ ఆ చేతిని మెల్లగా పక్కకు పెట్టింది.

"ఎత్తకుండా చెప్పల్ల. ముందు కావలసింది రాయి. తరువాత ఉండేది రాయి. ఆ రెండిటికీ ఎడం ఎంతో, అదే చిప్ప కింద ఉండాది."

ఐదింటికి ఆరు చొప్పున కావలసింది ముప్పై. ఉన్నవి ఇరవై. ఆడబిడ్డ పది అన్నది. చిప్ప ఎత్తారు. పది. గడప దగ్గర మా అత్త చేతిలో ఒత్తి ఆగిపోయింది. ఆమె అక్కడి నుంచే ఇంకొకసారి లెక్కపెట్టింది, పెదవులు కదిలిస్తూ.

తర్వాత ఒక నెల మా ఇంట్లో అందరికీ చిప్ప పిచ్చి పట్టింది. ఇంటాయన ఆలస్యంగా వస్తే, మా అత్త, "వాడు ఏ చిప్ప కింద ఉండాడో" అనేది. అన్నీ బాగానే సాగుతున్నాయి. అప్పుడు మా ఇంటివాళ్ళు మాత్రమే చేయగల తప్పు ఒకటి బయటపడింది.

టీచరమ్మ ఒక లెక్క ఇచ్చింది. ఒక ఇంట్లో వారంలో ఆరు దినాలు వరుసగా మూడు సోలలు, నాలుగు సోలలు, మళ్ళీ మూడు, నాలుగు, మూడు, నాలుగు బియ్యం వండారు. ఏడో దినం ఏకాదశి, వంట లేదు. వారానికి సరాసరి దినానికి ఎంత? ఆడబిడ్డ గబగబా పలక మీద ఇరవై ఒకటి వేసి, ఆరుతో పంచి, మూడున్నర అన్నది. టీచరమ్మ నా వైపు చూసింది. నేనూ మనసులో మూడున్నరే అనుకున్నాను. గడప దగ్గర మా అత్త కూడా తల ఊపింది. ముగ్గురం ఒక్క మాట మీద ఉన్నాం.

మా ఇంట్లో ఏకాదశి అంటే పొయ్యి వెలగని దినం. ఆ దినం నా పద్దులో బియ్యం దగ్గర ఏమీ రాసేదాన్ని కాను. నెల చివర వండిన దినాలతోనే పంచేదాన్ని. మా అత్త నాకు నేర్పింది అట్లాగే, ఆమెకు ఆమె అత్త నేర్పింది అట్లాగే. ఆడబిడ్డ మా ఇద్దరినీ చూసి నేర్చుకుంది.

"ఏడుతో గదా పంచల్ల? మూడు వస్తాది" అన్నది టీచరమ్మ.

"ఆ దినం ఏమీ వండలేదు గదా టీచరమ్మా. లేనిదాన్ని ఎట్ల లెక్కలో వేసేది?" అని ఆడబిడ్డ అడిగింది.

"లేదని వెయ్యి. సున్నా ఉండేది దానికే. మీరు బువ్వ తినకపోతే ఆ దినం రాకుండా నిలబడిపోయిందా? పొద్దు పొడిచింది, పొద్దు గుంకింది. వారంలో అదీ ఒక దినమే."

మా అత్తకు ఇది ఏకాదశి మీద వచ్చిన మాట అనిపించింది. మా ఉపవాసం సంగతి మీకేం తెలుసని కొంచెం గట్టిగానే అన్నది. టీచరమ్మ నొచ్చుకోలేదు. మా అత్త వైపు తిరిగి కూర్చుని, ఉపవాసం గొప్పదేనమ్మా, అందుకే దాన్ని లెక్కలో నుంచి తీసేయవద్దంటున్నాను అన్నది. తరువాత నాతో ఇంకొక మాట అన్నది. నా పద్దు తప్పు కాదట. వండే దినం ఎంత బియ్యం కడగాలో తెలియాలంటే వండిన దినాలతోనే పంచాలి. వారానికి ఎంత సరుకు తెచ్చుకోవాలో తెలియాలంటే ఏడుతో పంచాలి. రెండు ప్రశ్నలు, రెండు జవాబులు. ఎవరు ఏది అడిగారో చూసుకోవాలి, అంతే. నన్ను తప్పుపట్టకుండా తప్పు దిద్దిన ఆ తీరు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. ఆ వచ్చిన ఏకాదశి నాడు నా పద్దులో మొదటిసారి సున్నా రాశాను. ఆ గడి ఖాళీగా ఉన్నప్పటికంటే నిండుగా కనిపించింది.

కానీ ఆ సున్నా అసలు పని చేసింది పలక మీద కాదు. పరీక్షకు దరఖాస్తు పంపే దినం మా ఇంటాయన కాగితం ముందు పెట్టుకుని చెల్లెలిని వయసు అడిగారు. ఆమె పదిహేడు అన్నది. ఆయన కలం ఆగింది. అందరికీ తెలుసు ఆమెకు ఇరవై అని. ఆమె అబద్ధం చెప్పలేదు. జాబులు ఆగిపోయినప్పుడు ఆమెకు పదిహేడు. నోటికి అదే వచ్చింది. టీచరమ్మ అప్పుడే గోడ దగ్గరికి మజ్జిగ చెంబుతో వచ్చింది.

"పదిహేడైనాక మూడేండ్లుండాయే పాపా. యాడ పెట్టినావు వాటిని?"

ఆడబిడ్డ తల ఎత్తలేదు. "వాటిల్లో ఏముండాదని టీచరమ్మా. ఏమీ లేదు."

"సరే, ఏమీ లేదు. సున్నాలే అనుకుందాం. అయినా వెయ్యి. అవి దాచిపెట్టి పంచితే సరాసరి బాగానే కనపడతాది. ముందుండే ఏండ్లకు ఎంత కావాల్నో మాత్రం తెలియకుండా పోతాది. మూడు సున్నాలు వేసుకుంటే, మట్టానికి రావాలంటే మిగతావాటికి ఎక్కువ పెట్టుకోవాలని నీకే తెలుస్తాది."

మజ్జిగ చెంబు గోడ మీద పెట్టి, అంతకంటే మెల్లగా అన్నది. "ముందుండే ఏండ్లు ఇంకా చిప్ప కిందనే ఉండాయి. ఎవరూ ఎత్తలేదు."

ఆడబిడ్డ అన్న దగ్గరికి వెళ్ళి, "ఇరవై రాయి అన్నా" అన్నది. ఆ మూడేండ్లలో ఆమె గొంతు అంత స్పష్టంగా నేను వినలేదు. ఆ మరునాడు వీధి కుళాయి దగ్గర ఎవరో భర్త సంగతి అడిగితే, కబురు లేదు, నేను పరీక్షకు పోతా ఉండానని చెప్పి బిందె ఎత్తుకున్నది.

పరీక్ష దినం ఎండ బాగా కాసింది. పన్నెండు పదమూడేండ్ల పిల్లల నడుమ ఆమె ఒక్కతే చీర కట్టుకుని బెంచీ మీద కూర్చుంటుందని తలచుకుంటే నాకు ఇక్కడ పొయ్యి దగ్గర చేతులు ఆడలేదు. సాయంత్రం ఆమె తిరిగి వచ్చేసరికి టీచరమ్మ మా వసారాలోనే ఉంది. సరాసరి లెక్క వచ్చిందా అని మేమంతా ఒకేసారి అడిగాం. వచ్చిందట. ఒక గుడ్డల అంగడి. వారంలో ఒక దినం మూసి ఉంది. సరాసరి పన్నెండు చీరలు అమ్మారు. ఐదు దినాల్లో అమ్మినవి అరవై మూడు. మిగిలిన దినం ఎన్ని?

"సున్నా వేసినావా?" అని మా అత్త ముందుగా అడిగింది.

"వెయ్యలేదమ్మా. ఆరుతోనే చేసినా. తొమ్మిది వచ్చింది."

ఇన్నాళ్ళూ చెప్పుకుని చెప్పుకుని చివరికి మళ్ళీ మా ఇంటి తప్పే చేసి వచ్చిందనుకున్నాను. పుంగనూరు బండి వాకిట్లో వచ్చి నిలిచినట్టే అయింది. మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. టీచరమ్మ మాత్రం కదలకుండా, "ఏమడిగినారు? మాట మాట చెప్పు" అన్నది.

ఆడబిడ్డ కళ్ళు మూసుకుని చదివినట్టు చెప్పింది. "అంగడి తెరిచిన దినాలకు సరాసరి అని ఉండాది టీచరమ్మా. మొదట నేనూ సున్నా వేసినా. తరువాత మీ మాట గుర్తుకొచ్చి ఇంకొకసారి చదివినా. తెరిచిన దినాలకు అని ఉండాది. సున్నా కొట్టేసినా."

టీచరమ్మ అంత గట్టిగా నవ్వగా నేను ఎప్పుడూ వినలేదు. కళ్ళల్లో నీళ్ళు వచ్చేవరకు నవ్వి, నా భుజం తట్టింది. "నీ పొయ్యి లెక్కేమ్మే. పరీక్ష పెట్టినోడు కూడా మీ ఇంటోడే" అన్నది. తెరిచిన ఆరు దినాలకు పన్నెండు చొప్పున డెబ్బై రెండు. అందులో అరవై మూడు పోతే తొమ్మిది. నేను తరువాత గింజలు పోసి మరీ చూసుకున్నాను.

ఫలితాలు వచ్చి ఆడబిడ్డ ప్యాసైందని తెలిశాక మా అత్త చేసిన మొదటి పని తిరుపతికి మొక్కు తీర్చుకోవడానికి బయలుదేరడం. ఆమె ఎవరికీ చెప్పకుండా మొక్కుకుని ఉంది. కొండ మెట్లు ఎక్కుతుంటే ఎండ తగులుతుందని టీచరమ్మ తన నల్లగొడుగు ఇచ్చింది. తిరిగి వచ్చి మా అత్త గొడుగుతో పాటు లడ్డు ఒకటి గోడ మీద పెట్టి, తింటుందో తినదో అని నిలబడింది. టీచరమ్మ దాన్ని రెండు చేతులతో అందుకుంది. "మా ఇంట్లో ఇది తినే అలవాటు లేదమ్మా. పంచే అలవాటు మాత్రం ఉండాది" అని వీధి పిల్లలను పిలిచింది. తలా ఒక ముక్క తుంచి ఇచ్చి, మట్టం చేసుకోమన్నది. మా అత్తకు అది ఎంత నచ్చిందంటే, ఆ తరువాత ప్రతి ఏడూ కొండకు ఎవరు పోయినా టీచరమ్మ చేతి పంపకానికి ఒక లడ్డు తప్పకుండా వచ్చేది.

ఆడబిడ్డ ట్రైనింగు ముగించి ఇప్పుడు పాకాల దగ్గర ఒక పల్లె బడిలో పంతులమ్మగా ఉంది. రంగూన్ నుంచి ఇప్పటికీ జాబు లేదు. ఆ సంగతి అడిగితే లేదనే చెబుతుంది, తల దించుకోకుండా. ఆమె బడిలో మొదట ఆడపిల్లలు నలుగురే ఉండేవారట. ఇప్పుడు బెంచీలు చాలడం లేదని పోయిన పండుగకు వచ్చినప్పుడు ఫిర్యాదు చేసింది. టీచరమ్మ ఆ ఫిర్యాదును పాట విన్నట్టు విన్నది.

నిన్న పొద్దున మా ఇంటాయన పాకాల వైపు పోయే రైల్లో ఎరిగిన మనిషితో కబురు పంపారు. ఆడబిడ్డ మధ్యాహ్నం బండికి దిగింది. సాయంత్రం టీచరమ్మను పెట్టెలో పెట్టి తీసుకుపోతే వీధంతా సమాధుల తోట దాకా వెనక నడిచింది. లెక్కల్లో ఆవిడ చేతి దెబ్బ తిన్న పెద్దవాళ్ళు, చెనిక్కాయలు మట్టం చేసుకున్న చిన్నవాళ్ళు అందరూ వచ్చారు. మా అత్తకు ఏకాదశి. పొద్దుటి నుంచి ఒక అరటిపండు తప్ప ఏమీ తినలేదు. ఇంటికి పొమ్మంటే వినలేదు.

"ఆయమ్మ నా బిడ్డకు బువ్వ చూపించినాది. మన్ను వేసేదాకా ఈడనే ఉంటా" అని నేల మీద కూర్చుంది.

ప్రార్థన పాట అయ్యాక అందరూ పిడికెడు మన్ను వేశారు. ఆడబిడ్డ వంతు వచ్చినప్పుడు, గుంతలో మన్ను ఒక పక్క ఎక్కువగా పడి ఉంది. ఆమె తన పిడికిలి లోతుగా ఉన్న పక్కకు చాపి వేసింది. అక్కడ దాన్ని చూసింది నేనూ మా అత్తే అనుకుంటాను.

ఇంటికి వచ్చి స్నానాలు చేశాక, టీచరమ్మకు తోడుగా ఉన్న మనిషి గోడ మీద ఒక గుడ్డసంచి, టెంకాయ చిప్ప పెట్టింది. "మీకు ఇయ్యమనినాది. బాకీ అనినాది" అన్నది. అన్నేండ్లు ఎందరో పిల్లల చేతుల్లో తిరిగిన చింతగింజలు. నల్లగా, నున్నగా, అద్దాల్లా ఉన్నాయి. మా సోల తెచ్చి కొలిచాను. అంచుకు సరిగ్గా మట్టంగా నిండింది. పోయిన గింజలకు బదులు ఆవిడ ఎప్పటికప్పుడు కొత్తవి వేస్తూ వచ్చిందన్నమాట.

వాటిని తనకు ఇవ్వమని ఆడబిడ్డ అడగలేదు. అడగాల్సిన పని లేదు. సంచి మూతి కట్టి ఆమె చేతిలో పెట్టాను. చేబదులని రాయలేదు.

ఈ పొద్దున ద్వాదశి పారణ ముగించి ఆమెను బండి ఎక్కించడానికి స్టేషనుకు వెళ్ళాను. బడికి సెలవు లేదు, పిల్లలు ఎదురుచూస్తారని తొందరపడింది. కిటికీ పక్కన చోటు దొరికింది. సంచి పక్కన పెట్టుకుంది. చిప్ప సంచిలో పట్టలేదు కాబట్టి ఒళ్ళో బోర్లించి, దాని మీద అరచెయ్యి పెట్టుకుంది. ఎదురుగా కూర్చున్న ఒక చిన్నపిల్ల దాని కింద ఏముందని అడిగింది. బండి కదిలింది. ఆడబిడ్డ నవ్వుతూ వంగి ఆ పిల్లతో ఏదో అంటున్నది. నాకు వినపడలేదు. మలుపు తిరిగేవరకు ఆమె చెయ్యి ఆ చిప్ప మీదే ఉంది.

ఇంటికి వచ్చి పద్దు తీశాను.

టీచరమ్మ పేర చింతగింజలు, ఒక సోల. ముట్టినవి. బాకీ తీరింది.